హోమ్‌లో అమ్మానాన్నలను సరిగా చూడట్లేదని అనుమానమా? నిజం తేల్చుకోవడం ఇలా

"ఇక్కడ నన్నెవరూ పట్టించుకోవట్లేదురా" అని అమ్మ ఫోన్‌లో ఒక్క మాట అంటుంది. ఇక ఆ పూట మీకు అన్నం సహించదు. అన్నయ్యకు ఫోన్ చేస్తే "అమ్మ సంగతి తెలిసిందేగా, ఇంట్లో ఉన్నప్పుడూ ఇదే గొడవ" అంటాడు. హోమ్ మేనేజర్‌కు చేస్తే "అమ్మగారు చాలా బాగున్నారండీ, ఇప్పుడే టిఫిన్ చేశారు" అంటాడు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. నిజం తేల్చుకోవాల్సింది మీరే.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల నెలనెలా డబ్బు కట్టి పెద్దవాళ్లను ఓల్డేజ్ హోమ్‌లోనో, అసిస్టెడ్ లివింగ్‌లోనో ఉంచినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను అలాంటి ఒక హోమ్‌లో నర్సింగ్ ఇన్‌ఛార్జిగా పనిచేశాను. అంటే ఈ ఫోన్లు ఎత్తే వైపు ఉన్నాను. కోపంతో ఊగిపోతూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, సారీ చెప్పి పంపేసేవారు. తేదీలు, ఫొటోలు, మందుల బిల్లులు ఫైల్‌లో పెట్టుకుని నిదానంగా వచ్చినవాళ్లంటేనే మేనేజ్‌మెంట్‌కు టెన్షన్. కాబట్టి ముందు ఆధారాలు పోగేయండి. కోపం చూపించడానికి తర్వాత కావాల్సినంత సమయం ఉంటుంది.

ఈ పని ఇంకెవరో చేసిపెడతారని ఎదురుచూడొద్దు. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటి ఫిర్యాదులు విని, వెళ్లి చూసి, పెద్దవాళ్ల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ ఉంటారు. మన దగ్గర 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమమైనా రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చని అందులో ఉంది కానీ, ప్రైవేటు హోమ్‌లకు లైసెన్సు, తనిఖీల పద్ధతి అందులో లేదు. ఆ లోటు తీర్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకముందే ఆ సభ గడువు ముగిసిపోయింది. కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్లినా మొదటి విచారణ ఇంటివాళ్లు చేసిందే అవుతుంది.

1. ముందు ప్రాణం సంగతి

ఫోన్‌లో విన్నది ఈ కింది వాటిలో ఏదైనా అయితే విచారణ పక్కన పెట్టి 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేయండి. ఎంత లేపినా సరిగా లేవకపోవడం, కింద పడి తలకు దెబ్బ తగలడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, మంచానికి కట్టేయడం, కొట్టడం, లైంగికంగా వేధించడం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తల కొట్టుకుంటే, పైకి ఏమీ కనిపించకపోయినా స్కాన్ తీయించాల్సిందే. లోపల రక్తం నెమ్మదిగా చేరి రెండు మూడు వారాల తర్వాత మత్తుగా, తికమకగా మారినవాళ్లను చూశాను.

ఆస్పత్రిలో డాక్టర్‌కు అనుమానం ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (ఆస్పత్రుల్లో ఎమ్మెల్సీ అంటారు) నమోదు చేయమనండి. అడ్మిషన్ నోట్స్‌లో ఒంటి మీద ఏముందో వివరంగా రాయించండి. "వచ్చేటప్పటికే నడుము కింద ఇంత పుండు ఉంది" అని హోమ్‌తో సంబంధం లేని డాక్టర్ రాసిన ఒక్క లైను, మీరు తీసే ఇరవై ఫొటోలకంటే ఎక్కువ పనిచేస్తుంది. మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తనా నియమాలు 2002 నుంచీ చెబుతున్నాయి. నోటితో కాకుండా కాగితం మీద అడగండి.

2. పెద్దావిడ చెప్పేది ఒంటరిగా వినండి

పక్కన ఆయా నిలబడి ఉండగా "అమ్మా, బాగా చూసుకుంటున్నారా?" అని అడిగితే "ఆఁ, బాగానే చూస్తున్నారు" అనే అంటుంది. ఆ రాత్రి తనను బాత్రూమ్‌కి తీసుకెళ్లాల్సింది ఆ ఆయానే కదా. తలుపు వేసి, పక్కన కూర్చుని, అవునో కాదో అనేసి తప్పించుకోలేని ప్రశ్నలు వేయండి. "నిన్న రాత్రి బాత్రూమ్‌కి వెళ్లావా? ఎవరు తీసుకెళ్లారు? పిలిచాక ఎంతసేపటికి వచ్చారు?" "పొద్దున టిఫిన్ ఏం పెట్టారు? ఎంత తిన్నావు?" "స్నానం ఎప్పుడు చేయించారు? వేణ్ణీళ్లేనా?" సమాధానం మీరు అందించొద్దు. "కొడుతున్నారా అమ్మా?" అని మీరే అడిగితే, రేపు ఆ మాట మీరు అనిపించిందే అంటారు.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ల మాట కొట్టిపారేయడం అందరికీ అలవాటు. అది తప్పు. డిమెన్షియాలో తేదీలు, పేర్లు కలగాపులగం అవుతాయి కానీ భయం అబద్ధం చెప్పదు. ఒక ఆయా గదిలోకి రాగానే చేతులు ముడుచుకోవడం, స్నానం పేరెత్తగానే ఏడవడం, ఫలానా పూటే అన్నం వద్దనడం లాంటివి గమనించి రాసుకోండి. అలాగని ప్రతి మాటా యథాతథంగా నమ్మాలనీ కాదు. "అన్నమే పెట్టట్లేదు" అనేది భోజనం చేసిన పావుగంటకే వినిపించే మాట. దాన్ని తేల్చేది బరువు. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే డాక్టర్లు దాన్ని సీరియస్‌గానే తీసుకుంటారు. 50 కేజీల మనిషి నెల తిరిగేసరికి రెండున్నర కేజీలు తగ్గితే, ఎందుకని అడిగే హక్కు మీకుంది.

3. ఒళ్లు చూడండి

చాలామంది చేయని పని ఇదే. పండ్లు, బిస్కెట్లు ఇచ్చి, సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. నడుము కింద ఏముందో వారాల తరబడి ఎవరూ చూడరు.

అమ్మనైతే కూతురో కోడలో, నాన్ననైతే కొడుకో చూస్తే మర్యాదగా ఉంటుంది. "అమ్మా, వీపు మీద పౌడర్ రాస్తాను, పక్కకి తిరుగు" అంటే చాలు. ముందు నడుము కింద తోక ఎముక దగ్గర, తర్వాత తుంటి రెండు పక్కలా, మడమలు, మోచేతులు, తల వెనక. ఎముకకూ పరుపుకూ మధ్య కండ తక్కువగా ఉన్న చోటే బెడ్‌సోర్ మొదలవుతుంది. ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే అప్పటికి ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే అది మొదటి దశ పుండు. చర్మం ఇంకా చిట్లకపోయినా సరే. చామనఛాయ, నలుపు ఒళ్లున్నవాళ్లలో ఎరుపు తెలియదు. చుట్టుపక్కలకంటే వేడిగానో, గట్టిగానో, నల్లగానో ఉందేమో తడిమి చూడాలి. చర్మం లేచిపోయి గుంట పడిందంటే, చాలా రోజులుగా ఎవరూ ఆ మనిషిని తిప్పి చూడలేదేమోనని గట్టిగా అనుమానించాల్సిందే.

తర్వాత కమిలిన మచ్చలు. పెద్ద వయసులో చర్మం పలచబడుతుంది, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడితే చిన్న తాకిడికే కమిలిపోతుంది. ముంజేతుల మీద, మోకాళ్ల కింద మచ్చలు చాలావరకు అలా వచ్చేవే. జబ్బల లోపలి వైపు వేళ్ల అచ్చుల్లా వరసగా, మణికట్టు చుట్టూ గీతలా, చెవుల వెనక, తొడల లోపల, ఛాతీ మీద ఉంటే మాత్రం దానంతట అది వచ్చిందనుకోకండి. మచ్చ రంగు చూసి ఎన్ని రోజులైందో చెప్పేవాళ్లుంటారు, ఆ లెక్క నమ్మకండి. డాక్టర్లకే కచ్చితంగా తెలియదు.

నాలుక ఎండిపోయిందా, గోళ్లు పెరిగాయా, కట్టుడు పళ్లు ఎక్కడున్నాయి, చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందా, కళ్లజోడు ఎవరిది? నవ్వకండి, ఇద్దరి కళ్లజోళ్లు మారిపోయి నెల రోజులు ఎవరూ గమనించని సందర్భం నాకు తెలుసు. మధ్యాహ్నం రెండింటికి కూడా మత్తుగా తూలుతుంటే మందుల చీటీ చూడండి. క్వెటియాపిన్, లోరాజిపామ్ లాంటివి కొత్తగా మొదలుపెడితే ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఇంట్లోవాళ్లకు చెప్పారా అని అడగండి. రాత్రిళ్లు అరుస్తున్నారని, చూసుకునే మనుషులు చాలక నిద్రమాత్రతో సరిపెట్టడం కొత్త విషయమేమీ కాదు.

ఫొటోలు తీసేటప్పుడు పుండు పక్కన టేపు పెట్టండి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి శరీరంలో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి. ముఖం, అనవసరమైన భాగాలు పడనివ్వకండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి, ఆవిడ పరువు కూడా ఆలోచించాలి. ఫోన్‌లోని అసలు ఫొటో చెరిపేయొద్దు. వాట్సాప్‌లో తిరిగిన కాపీలో తీసిన టైమ్ లాంటి వివరాలు పోతాయి. రేపు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది. అప్పుడు అసలు ఫైలు, అది తీసిన ఫోన్ ఉండడమే మేలు.

4. చెప్పకుండా వెళ్లండి

విజిటింగ్ అవర్స్ సాయంత్రం నాలుగు నుంచి ఆరు అని బోర్డు ఉంటుంది. ఆ రెండు గంటలూ ప్రతి హోమ్ బాగానే ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర, ఆదివారం మధ్యాహ్నం, పండగ మర్నాడు, తెల్లవారుజామున. వీలైతే వీటిలో ఏదో ఒకప్పుడు వెళ్లండి. "మందులు ఇవ్వడానికి వచ్చాం" అంటే గేటు దగ్గర పెద్దగా అడ్డుపడరు. పూర్తిగా ఆపేస్తే, ఆపిన టైము, ఆపిన మనిషి పేరు రాసుకోండి. అది కూడా ఆధారమే.

లోపలికి వెళ్లాక బెల్లు నొక్కి ఎంతసేపటికి వస్తారో వాచీ చూడండి. బెల్లు మంచం మీద చేతికందేలా ఉందా, గోడకు వేలాడుతోందా? నీళ్ల గ్లాసు అందుతుందా? ఆ అంతస్తులో ఎంతమంది పెద్దవాళ్లు, రాత్రి డ్యూటీలో ఎంతమంది మనుషులు? ఇద్దరు పట్టి తిప్పాల్సినవాళ్లు ఎనిమిది మంది ఉండి, రాత్రంతా ఒక్క ఆయానే ఉంటే, రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతున్నామనే మాట లెక్కలోనే తేలిపోతుంది. బయట నుంచి తాళం వేసిన గదులున్నాయా? నిప్పు అంటుకుంటే తాళంచెవి ఎవరి దగ్గర?

వీధి చివర మందుల షాపు, టీ కొట్టు, పక్కింటివాళ్లను కూడా కదపండి. 2020 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని నాగారంలో ఒక హోమ్ మీద పోలీసులు దాడి చేసి 70 మందికి పైగా బయటకు తెచ్చారు. గొలుసులతో కట్టేసేవారన్న ఆరోపణలతో అది పెద్ద కేసు అయింది. అరుపులూ ఏడుపులూ గేటు లోపలే ఆగిపోవు, ఇంటివాళ్ల చెవిన పడకముందే చుట్టుపక్కలవాళ్లకు తెలుస్తాయి.

మీరు డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటే వీడియో కాల్‌తో సరిపెట్టుకోకండి. ఫోన్ పట్టుకునేది వాళ్ల మనిషే, ఏం చూపించాలో నిర్ణయించేదీ వాళ్లే. మేనమామ, బాబాయి కూతురు, చిన్ననాటి స్నేహితుడు... ఒళ్లు చూడగలిగే చనువున్న ఒక్కరిని పంపండి. వాళ్లకు ఈ జాబితా ఇచ్చి, ఆ రోజే వాయిస్ మెసేజ్ పెట్టమనండి. రెండు రోజులాగితే సగం వివరాలు పోతాయి.

5. రిజిస్టర్లు చదవడం నేర్చుకోండి

అడగాల్సినవి: చేరినప్పటి అగ్రిమెంట్, రసీదులు, కేర్ ప్లాన్ (మీవాళ్లను ఎలా చూసుకోవాలో రాసిన కాగితం), మందులిచ్చిన చార్ట్, నర్సింగ్ నోట్స్, పక్కకు తిప్పిన చార్ట్, పడిపోయినప్పుడు రాసే ఇన్సిడెంట్ రిజిస్టర్, డ్యూటీ రోస్టర్. సీసీ కెమెరా ఉంటే ఆ ఫుటేజ్ దాచమని అదే రోజు మెయిల్ పెట్టండి. డిస్క్ నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది పడుతుంది. "మీ లెటర్ వచ్చేసరికే పోయిందండీ" అనే జవాబు ఇవ్వడం వాళ్లకు చాలా తేలిక.

కాపీలు ఇవ్వమంటే నాన్చుతారు. కనీసం చూపించమని అడిగి, వాళ్ల ముందే పేజీల ఫొటోలు తీసుకోండి. ఎందుకంటే ఫిర్యాదు అందిన రాత్రే ఖాళీ గళ్లు నిండిపోవడం నేను చూశాను. అలా నింపిన పేజీ ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. పది రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో ఉంటాయి. రోజూ సరిగ్గా 8.00, 10.00, 12.00 అని ఉంటుంది. నిజంగా పని చేస్తూ రాసే మనిషి 8.10 అని, 10.25 అని రాస్తుంది. ఒకచోట కొట్టేస్తుంది, ఒకచోట పప్పు మరక ఉంటుంది. అనుమానం వస్తే రోస్టర్ పక్కన పెట్టి చూడండి. ఆదివారం వీక్లీ ఆఫ్‌లో ఉన్న సిస్టర్ సంతకం ఆదివారం మందుల చార్ట్‌లో ఎలా వచ్చింది? మీ నాన్నగారు ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులు కూడా హోమ్ చార్ట్‌లో బీపీ మాత్ర ఇచ్చినట్టు టిక్ ఉందా? ఇలాంటివి ఒక్కటి దొరికినా మిగతా చార్ట్ మొత్తం మీద నమ్మకం పోతుంది.

రిజిస్టర్ అబద్ధం చెప్పినా వస్తువులు చెప్పవు. మాత్రల స్ట్రిప్‌లు లెక్కపెట్టండి. ఒకటో తేదీన రోజుకు రెండు చొప్పున 60 మాత్రలు ఇచ్చి వెళ్తే, ఇరవయ్యో తేదీ సాయంత్రానికి 20 మిగలాలి. 34 ఉన్నాయంటే పద్నాలుగు పూటలు మందు పడలేదు. షుగర్ చూసే మిషన్‌లో పాత రీడింగులు తేదీలతో సహా ఉంటాయి. చార్ట్‌లో రోజూ ఉదయం షుగర్ రాసి, మిషన్‌లో వారానికి ఒకటే ఉంటే ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? ముందు మిషన్ గడియారం సరిగ్గా ఉందో లేదో చూడడం మర్చిపోకండి. డైపర్లకు విడిగా బిల్లు వేస్తున్నారా? రోజుకు నాలుగు చొప్పున 120కి బిల్లు వేసి, మీరు వెళ్లిన ప్రతిసారీ పొద్దుటి డైపరే సాయంత్రం దాకా ఉంటే, ఆ రెండూ ఒకచోట రాసిపెట్టుకోండి.

ఇదంతా ఒక నోట్‌బుక్‌లోకి రావాలి. తేదీ, టైము, ఏం జరిగింది, నాకెలా తెలిసింది. చూసింది వేరు, ఎవరో చెప్పింది వేరు, మీరు అనుకున్నది వేరు. ఈ మూడూ కలిపి రాస్తే అవతలివాళ్లు మీ ఊహను పట్టుకుని, మీరు కళ్లారా చూసినదాన్ని కూడా కొట్టేస్తారు.

6. ఆయాలతో మాట్లాడేటప్పుడు

వాళ్లను దొంగల్లా చూడకండి. చాలామంది ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు, డ్యూటీ పన్నెండు గంటలు, రేపటి ఆయా రాకపోతే ఇంకో పన్నెండు. "అక్కా, రాత్రి ఎంతమందిని చూసుకోవాలి నువ్వు?" అని అడిగితే చాలా సంగతులు బయటికొస్తాయి. "మా అమ్మను ఎందుకు చూడట్లేదు?" అంటే నోరు మెదపరు. డబ్బులిచ్చి మాట లాగొద్దు. ఇచ్చారని తెలిస్తే ఆ సాక్ష్యానికి విలువ పోతుంది, ఆవిడ ఉద్యోగమూ పోతుంది. నా అనుభవంలో కావాలని హింసించే మనిషి అరుదు. మనుషులు చాలని రోస్టర్ మాత్రం దాదాపు ప్రతి ఫిర్యాదు వెనకా ఉంటుంది. ఆ రోస్టర్ మీద సంతకం పెట్టేది ఆయా కాదు.

పక్క మంచాలవాళ్లను, వాళ్ల పిల్లలను కూడా పలకరించండి. ఇద్దరు ముగ్గురు కుటుంబాలవాళ్లు ఒకే తేదీన ఒకే మాట రాసిస్తే, "మీ అమ్మగారు కాస్త మొండి" అనే సమాధానం ఇక చెల్లదు.

7. ఇది వయసా, నిర్లక్ష్యమా?

నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. మంచి హోమ్‌లో కూడా ముసలివాళ్లు పడతారు. చివరి రోజుల్లో ఎంత చూసినా కొందరికి పుండ్లు వస్తాయి. తేల్చడానికి నేను నాలుగు ప్రశ్నలు అడుగుతాను. ఈ ప్రమాదం ఉందని వాళ్లకు ముందే తెలుసా? తెలిస్తే ఏం చేయాలనుకున్నారు? అనుకున్నది చేశారా? తేడా వచ్చాక ఎవరికి, ఎంతసేపట్లో చెప్పారు?

ఉదాహరణకు నాన్నగారు బాత్రూమ్‌లో పడి తుంటి విరిగింది. పోయిన నెలలో రెండుసార్లు పడ్డారని రిజిస్టర్‌లోనే ఉంది, అంటే తెలుసు. రాత్రి ఆయన్ని ఒంటరిగా వదలొద్దని కేర్ ప్లాన్‌లో రాశారు. ఆ రాత్రి అంతస్తులో ఎవరూ లేరు. ఒంటిగంటకు పడితే మీకు ఉదయం ఏడున్నరకు ఫోన్ చేశారు. పడడం వయసు వల్ల కావచ్చు. మిగతా మూడూ మాత్రం హోమ్ బాధ్యతే. అదే, పడిన పది నిమిషాల్లో చూసి, అంబులెన్స్ పిలిచి, మీకు చెప్పి, బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు, జారని మ్యాట్ ముందే వేసి ఉంటే, ఎంత బాధగా ఉన్నా ఆ హోమ్ మీద కేసు పెట్టడంలో అర్థం లేదు.

8. రాతపూర్వకంగా అడగండి

మేనేజర్‌తో నోటిమాటగా మాట్లాడాక, ఆ రోజే మెయిల్ పెట్టండి. తిట్లు, బెదిరింపులు వద్దు. ఇలా ఉంటే చాలు:

"మేనేజర్ గారికి నమస్కారం. మా అమ్మగారు మీ హోమ్‌లో రూమ్ నంబర్ 12లో ఉంటున్నారు. మార్చి 3వ తేదీ రాత్రి 9.40కి మేము వచ్చినప్పుడు ఆవిడ నడుము కింద సుమారు 4 సెంటీమీటర్ల పుండు చూశాం. ఫొటోలు జతచేశాం. దీని గురించి మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. దయచేసి ఏడు రోజుల్లో ఈ వివరాలు ఇవ్వండి: పుండు మొదట గమనించిన తేదీ, డాక్టర్‌కు చూపించిన తేదీ, ఫిబ్రవరి 1 నుంచి పక్కకు తిప్పిన చార్ట్ కాపీ, ఆ రోజుల రాత్రి డ్యూటీ రోస్టర్. అప్పటివరకు రికార్డులు, కెమెరా ఫుటేజ్ భద్రపరచగలరు. ఇకపై ఆవిడ సంరక్షణకు బాధ్యులైన ఒకరి పేరు తెలియజేయగలరు."

జవాబుగా ఫోన్ వస్తుంది. "మనం మనం కూర్చుని మాట్లాడుకుందాం సర్" అంటారు. కూర్చోండి, తప్పేం లేదు. బయటికి వచ్చాక "ఈ రోజు మీరు చెప్పినవి ఇవి" అని మళ్లీ మెయిల్ పెట్టండి. డిపాజిట్ వెనక్కి ఇస్తామని, ఇక ఏ ఫిర్యాదూ లేదని రాసిన కాగితం మీద సంతకం అడిగితే ఆ గదిలోనే పెట్టేయకండి. ఇంటికి తెచ్చుకుని చదవండి. ఇలా రాసి అడిగితే అమ్మ మీద కక్ష తీర్చుకుంటారనే భయం అందరికీ ఉంటుంది. అందుకే మెయిల్ పెట్టిన వారం పాటు రోజూ ఇంటి మనిషి ఒకరు వెళ్లి వచ్చేలా ముందే ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాతే పెట్టండి.

9. బయట ఎక్కడికి వెళ్లాలి

ముందు 14567, పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్ లైన్. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పడానికి, అవసరమైతే మనిషిని పంపడానికి దీన్ని వాడుకోండి. కాల్ చేసిన తేదీ, ఫిర్యాదు నంబరు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

కలెక్టర్ దగ్గరకు వెళ్లాలంటే సోమవారం. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ రోజే జరుగుతాయి. అర్జీ మీద వయోవృద్ధుల సంక్షేమం చూసే జిల్లా అధికారితో తనిఖీ చేయించమని స్పష్టంగా రాయండి. "చర్య తీసుకోగలరు" అని వదిలేస్తే ఫైల్ టేబుళ్లు మారుతూ ఉంటుంది. ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో హోమ్ మీద కేసు వేయొచ్చని కొందరు చెబుతారు. అది ముఖ్యంగా పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించడానికి పెట్టింది. అక్కడికి వెళ్లి కాళ్లరిగేలా తిరగకండి.

కొట్టడం, కట్టేయడం, గదిలో పెట్టి తాళం వేయడం, నగలు పోవడం పోలీసుల పని. మనిషిని అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కిందికి వస్తుంది. అందులోనే 357 అని పెద్దగా ఎవరికీ తెలియని సెక్షన్ ఒకటుంది. జబ్బుతోనో, బలహీనతతోనో తన పని తాను చేసుకోలేని మనిషిని చూసుకుంటామని ఒప్పందం చేసుకుని, కావాలని చూడకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇదే 491, జరిమానా అప్పట్లో 200 రూపాయలు. దీని మీద పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టరు, మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి. శిక్ష చిన్నదే అయినా, అగ్రిమెంట్‌లో రాసింది చేయకపోవడం కూడా నేరం కావచ్చని లెటర్‌లో గుర్తుచేస్తే జవాబులో స్వరం మారుతుంది. ఎఫ్ఐఆర్ కట్టాల్సిన కేసులో స్టేషన్‌లో తీసుకోకపోతే, అదే ఫిర్యాదును ఎస్పీకి గానీ కమిషనర్‌కి గానీ పోస్టులో పంపండి.

డబ్బు, నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడొచ్చు, కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా కమిషన్‌లో కేసు వేయాలి. హోమ్‌కు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లాలోనే, 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 2019 చట్టం వచ్చాక హోమ్ ఉన్న ఊళ్లోనే కాదు, మీరు ఉండే ఊళ్లో కూడా వేయొచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. గడువు సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు. ఒక్క మెలిక ఉంది: పూర్తిగా ఉచితంగా నడిచే ఆశ్రమం ఈ చట్టం కిందికి రాదు. అలాంటి చోట కలెక్టర్, పోలీసులు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ దారే. ఆ కమిషన్‌కు ఏడాది లోపల వెళ్లాలి.

10. అక్కడే ఉంచాలా, మార్చాలా?

జవాబు చూసి నిర్ణయించండి. తప్పు ఒప్పుకుని, రాత్రి ఇంకో మనిషిని పెట్టి, చార్ట్‌లు అడగకుండానే చూపించే హోమ్ అయితే ఉంచొచ్చు. కొత్త చోటికి మారడం డిమెన్షియా ఉన్నవాళ్లకు చిన్న విషయం కాదు, కొన్ని వారాలు తికమక ఎక్కువవుతుంది. రికార్డులు దాచి, అమ్మదే తప్పని మాట్లాడితే మాత్రం కేసు తేలేదాకా ఆగకండి. ఫిర్యాదు నడుస్తూ ఉంటుంది, ముందు మనిషిని బయటకు తెండి.

వెళ్లే రోజు మందుల చీటీలు, మిగిలిన మాత్రలు, ల్యాబ్ రిపోర్టులు, ఆధార్, ఆరోగ్య బీమా కార్డు, కట్టుడు పళ్లు, చెవి మిషన్ లెక్క చూసుకుని తీసుకోండి. పాత హోమ్‌లో బయలుదేరే ముందు, కొత్త హోమ్‌లో చేరగానే, రెండు చోట్లా బరువు చూసి, ఒంటి మీద ఏ పుండు ఎంత ఉందో రాయించి, మీరూ వాళ్లూ సంతకాలు పెట్టి, ఒక కాపీ మీ ఫైల్‌లో పెట్టుకోండి.